బర్న్ పిట్ పొగ పీల్చిన సైనికులకి వైద్యం ఇవ్వడానికి అమెరికాకి ఇన్నేళ్ళు ఎందుకు పట్టింది

ఇరాక్ లో బాగ్దాద్ కి ఉత్తరాన బలాద్ అనే ఊరి దగ్గర అమెరికా వాళ్ళ పెద్ద ఎయిర్ బేస్ ఒకటి ఉండేది. సైనికులు, కాంట్రాక్టర్లు కలిపి వేలమంది ఉండే ఆ బేస్ లో రోజూ పోగయ్యే చెత్త మొత్తం ఇంచుమించు పది ఎకరాల స్థలంలో పడేసి తగలబెట్టేవాళ్ళు. చెత్త అంటే కూరగాయల తొక్కలు, కాగితాలు అనుకునేరు, ప్లాస్టిక్ బాటిళ్ళు, థర్మాకోల్ ప్లేట్లు, టైర్లు, బ్యాటరీలు, పెయింట్ డబ్బాలు, హాస్పిటల్ వేస్ట్, పాడైపోయిన ఎలక్ట్రానిక్స్, చివరికి మనుషుల మలం కూడా అందులోనే, అన్నీ బాగా మండాలని పైన జేపీ 8 అనే విమానాల ఇంధనం పోసేవాళ్ళు. రోజుకి వంద టన్నులకి పైగా అలా కాలేది. ఆ నల్లటి పొగ సైనికులు పడుకునే చోటికి, తినే చోటికి, పొద్దున్నే రన్నింగ్ చేసే చోటికి వచ్చేసేది. హైదరాబాద్ లో జవహర్ నగర్ డంప్ యార్డ్ చుట్టుపక్కల ఉండేవాళ్ళకి ఇది ఎలా ఉంటుందో కొంత ఊహకి అందుతుంది, కాకపోతే బలాద్ లో ఆ మంట ఆరేదే కాదు, రాత్రీ పగలూ మండుతూనే ఉండేది.

దీన్నే బర్న్ పిట్ అంటారు. బలాద్ ఒక్కటే కాదు, ఇరాక్ లో, ఆఫ్ఘనిస్తాన్ లో, చుట్టుపక్కల దేశాల్లో ఉన్న బేస్ ల్లో ఇలాంటివి చాలా ఉండేవి, ఇన్సినరేటర్లు, అంటే చెత్త కాల్చే కొలుములు, పెట్టేంత టైం లేదు, చెత్త బయటికి పంపితే ట్రక్కుల మీద దాడులు జరుగుతాయి అనేది మిలిటరీ వాదన. యుద్ధం మొదలైన కొత్తలో అయితే అర్థం చేసుకోవచ్చు, ఏళ్ళ తరబడి అదే పద్ధతి నడవడాన్ని మాత్రం నేను ఒప్పుకోలేను. 2009లో బలాద్ గుంట ఆపేసారు. ఇలాంటి బేస్ లన్నిట్లో కలిపి ఎంతమంది ఆ గాలి పీల్చి ఉండొచ్చు అంటే, అమెరికా డిఫెన్స్ డిపార్ట్‌మెంట్ సొంత అంచనా ప్రకారమే 35 లక్షల మంది దాకా.

ఇంటికి తిరిగొచ్చాక వాళ్ళల్లో చాలామందికి ఆయాసం, దగ్గు, ఆస్తమా, సైనస్ సమస్యలు, కొంతమందికి చిన్న వయసులోనే క్యాన్సర్లు. వైద్యం కోసం వెళ్ళాల్సింది వెటరన్స్, అంటే మాజీ సైనికుల, సంగతి చూసే వెటరన్స్ అఫైర్స్ డిపార్ట్‌మెంట్ కి, అందరూ వీఏ అంటారు. ఆ వీఏ 2007 నుంచి 2020 దాకా బర్న్ పిట్ పేరుతో వచ్చిన క్లెయిమ్స్ లో నాలుగింట మూడు వంతుల పైగా తిరస్కరించింది. ఎందుకు అని అడిగితే, మీ జబ్బు సర్వీస్ వల్లే వచ్చిందని రుజువు లేదు అన్నారు.

నాకు ఈ మొత్తం వ్యవహారంలో ముఖ్యం అనిపించేది ఈ రుజువు సంగతే. విషాల గురించి, క్యాన్సర్ల గురించి చాలామంది రాసారు, కానీ అసలు ముడి ఎక్కడుందంటే రుజువు చేసే భారం ఎవరి నెత్తిన పెట్టాలి అనే దగ్గర. అది సైనికుడి నెత్తిన ఉన్నంతకాలం ఎన్ని హాస్పిటల్స్ కట్టినా వాళ్ళకి పూర్తిగా తలుపు తెరుచుకోలేదు, అది కొంత ప్రభుత్వం వైపు జరిగిన రోజున లక్షలమందికి తెరుచుకుంది.

ముందు వీఏ ఎలా నడుస్తుందో కొంచెం తెలియాలి, లేకపోతే మిగతాది గందరగోళంగా ఉంటుంది. అమెరికాలో ఆర్మీ నుంచి బయటికి వచ్చిన ప్రతి ఒక్కరికీ జీవితాంతం ఫ్రీ వైద్యం అని మన వాళ్ళు చాలామంది అనుకుంటారు, అది నిజం కాదు. దాదాపు కోటీ 80 లక్షల మంది వెటరన్స్ ఉంటే వీఏ వైద్యంలో పేరు నమోదైన వాళ్ళు సుమారు 90 లక్షలు. పైగా వీఏలో రెండు వేరువేరు విభాగాలు ఉన్నాయి, ఒకటి హాస్పిటల్స్ నడిపేది, ఇంకోటి డిజేబిలిటీ డబ్బులు చూసేది. ఇందులో రెండోదే తాళం చెవి లాంటిది ఎందుకంటే నీ జబ్బుకి సర్వీస్ కనెక్షన్ ఉంది అని ఆ విభాగం ఒప్పుకుంటే దానికి 0 నుంచి 100 దాకా పదేసి శాతం లెక్కన ఒక రేటింగ్ ఇస్తారు, ఆ రేటింగ్ బట్టి నెలకి ఎంత డబ్బు, హాస్పిటల్ లో ఏ ప్రయారిటీ గ్రూప్, కోపే, అంటే వైద్యం ఖర్చులో మన వాటా, కట్టాలా వద్దా అన్నీ తేలతాయి. 2024లో నూరు శాతం రేటింగ్ ఉన్న ఒంటరి మనిషికి నెలకి 3,700 డాలర్ల పైనే వచ్చేది. పన్ను లేదు. చనిపోతే భార్యకో భర్తకో నెలనెలా వచ్చే డబ్బు కూడా ఈ కనెక్షన్ మీదే ఆధారపడి ఉంటుంది.

ఆ కనెక్షన్ కి మామూలుగా మూడు కావాలి. ఇప్పుడు జబ్బు ఉన్నట్టు డాక్టర్ నిర్ధారణ, సర్వీస్ లో ఏదో జరిగినట్టు ఆధారం, ఆ రెండిటికీ మధ్య సంబంధం ఉందని వైద్యపరమైన అభిప్రాయం. బాంబు పేలి కాలు పోయినవాడికి ఈ మూడూ కళ్ళెదుటే ఉంటాయి. పొగ పీల్చినవాడికి మూడోది ఎక్కడినుంచి వస్తుంది? 2005లో పీల్చిన గాలికి 2018లో క్యాన్సర్ వస్తే, ఆ రోజు ఆ గాలిలో ఏముందో కొలిచినవాళ్ళు లేరు, ఈ మనిషి ఎంత పీల్చాడో ఎక్కడా రాసిపెట్టలేదు, అదే క్యాన్సర్ ఎప్పుడూ దేశం దాటని వాళ్ళకి కూడా వస్తుంది, సిగరెట్ తాగావా అని అడుగుతారు, ఇంట్లో ఎవరికైనా ఉందా అని అడుగుతారు. చట్టం ప్రకారం నూటికి నూరుపాళ్ళు రుజువు అక్కర్లేదు, కనీసం సగానికి సగం అవకాశం ఉందని తేలితే చాలు, సందేహం ఉంటే సైనికుడికి అనుకూలంగా తేల్చాలి అని రూల్ చక్కగా రాసి ఉంది. కానీ ఆ సగం అన్నా చూపించాలంటే కొలతలు ఉండాలి కదా, ఆ కొలతలు తీసుకోవాల్సింది మిలిటరీ, సరిపడా తీసుకోనిది మిలిటరీ, దానికి మూల్యం చెల్లించింది సైనికుడు. నాకు ఇక్కడే చాలా కోపం వస్తుంది.

ఇది కొత్త కథ కూడా కాదు. వియత్నాం యుద్ధంలో 1962 నుంచి 1971 దాకా అడవుల మీద, పంటల మీద విమానాలతో కలుపు మందులు చల్లారు, అందులో ఎక్కువ వాడింది ఏజెంట్ ఆరెంజ్, కోటి గ్యాలన్లు దాటింది. ఆ మందు తయారీలో డయాక్సిన్ అనే భయంకరమైన విషం మలినంగా కలిసిపోయింది. తిరిగొచ్చిన సైనికులు జబ్బులతో వీఏ చుట్టూ కాళ్ళరిగేలా తిరిగారు, ఆ కలుపు మందు తయారుచేసిన కంపెనీల మీద కేసు వేస్తే 1984లో 18 కోట్ల డాలర్లకి కోర్టు బయట రాజీ అయ్యింది, లక్షలమంది పంచుకుంటే ఒక్కొక్కరికి వచ్చింది ఏమంత కాదు. చివరికి 1991లో ఏజెంట్ ఆరెంజ్ చట్టం వచ్చింది. దాంట్లో ఒక కొత్త పద్ధతి పెట్టారు, ఫలానా కాలంలో వియత్నాం నేల మీద ఉన్నావా, లిస్ట్ లో ఉన్న జబ్బు నీకుందా, ఈ రెండూ ఉంటే చాలు, ఆ రెండిటికీ సంబంధం ఉందని ప్రభుత్వమే అనుకుంటుంది, నువ్వు చూపించక్కర్లేదు. ఇంగ్లీష్ లో దీన్ని ప్రిజంప్షన్ అంటారు, నేను ఇక్కడ అదే వాడతాను. ఏ జబ్బు లిస్ట్ లో ఉండాలో చెప్పడానికి ప్రభుత్వానికి సలహా ఇచ్చే నేషనల్ అకాడమీ సైంటిస్టులు రెండేళ్ళకోసారి రీసెర్చ్ అంతా చూసి రిపోర్ట్ ఇచ్చేవాళ్ళు. అలా టైప్ 2 డయాబెటిస్ 2001లో, గుండె రక్తనాళాల జబ్బు, పార్కిన్సన్స్ 2010లో చేరాయి. తీరానికి దూరంగా ఓడల్లో పనిచేసిన నేవీ వాళ్ళని మాత్రం మీరు నేల మీద కాలు పెట్టలేదు కదా అని బయట పెట్టేసారు, కోర్టుకి వెళ్ళి 2019లో గెలిచారు, అదే ఏడాది చట్టం కూడా వచ్చింది. అంటే యుద్ధం అయిపోయిన 44 ఏళ్ళకి.

1991 గల్ఫ్ యుద్ధం వాళ్ళ పరిస్థితి ఇంకో రకం. దాదాపు 7 లక్షల మంది అమెరికన్ సైనికులు వెళ్ళారు, నాలుగో వంతు మంది ఒళ్ళు నొప్పులు, విపరీతమైన నీరసం, మతిమరుపు, కడుపు సమస్యలు, ఇలా ఒక పేరు పెట్టలేని జబ్బుతో బాధపడుతున్నారు. అక్కడ కువైట్ లో 600 దాటి చమురు బావులు తగలబడ్డాయి, నెర్వ్ గ్యాస్ నుంచి కాపాడటానికి అని ఇచ్చిన మాత్రలు వేసుకున్నారు, పురుగుమందులు విపరీతంగా చల్లుకున్నారు, 1991 మార్చిలో ఖమీసియా అనే చోట ఇరాక్ ఆయుధ గిడ్డంగిని పేల్చేస్తే అందులో సారిన్ అనే నెర్వ్ గ్యాస్ నింపిన రాకెట్లు ఉన్నాయని తర్వాత బయటపడింది. చాలాకాలం ఇదంతా టెన్షన్ వల్ల, మనసు వల్ల అని కొట్టిపారేసారు. టెక్సస్ లో రాబర్ట్ హేలీ అనే డాక్టర్ తన టీంతో ఏళ్ళ తరబడి దీని మీద పనిచేసి 2022లో ఒక పేపర్ వేసారు, సారిన్ లాంటి విషాలని విరగ్గొట్టే ఎంజైమ్ తయారుచేసే పీఓఎన్ 1 అనే జీన్ బలహీనమైన రకం ఉన్నవాళ్ళు నెర్వ్ గ్యాస్ తగిలితే ఎక్కువగా జబ్బుపడ్డారని అందులో చూపించారు. ఒకే టెంట్ లో ఉన్న ఇద్దరిలో ఒకరు బాగుండి ఒకరు మంచాన పడటానికి ఇది ఒక కారణం అయ్యుండొచ్చు. వీళ్ళకి కూడా 1994 నుంచి చట్టం ఉంది, పేరు తెలియని జబ్బుకి కూడా పరిహారం ఇవ్వొచ్చు అని, అయినా 2015లో గల్ఫ్ వార్ ఇల్‌నెస్ క్లెయిమ్స్ లో ఒప్పుకున్నది 17 శాతమే. ప్రిజంప్షన్ కాగితం మీద ఉంటే సరిపోదు, దాన్ని చదివే ఆఫీసర్ కి, పరీక్ష చేసే డాక్టర్ కి అర్థం కావాలి అనడానికి ఈ అంకె చాలు.

ఇప్పుడు మళ్ళీ బర్న్ పిట్స్ కి వద్దాం. ఇక్కడ సైన్స్ వైపు నుంచి నన్ను బాగా పట్టేసిన సంగతి ఒకటుంది. 2003 జూన్ లో మోసుల్ దగ్గర మిష్రాక్ అనే సల్ఫర్ గని తగలబడి వారాలపాటు మండింది, ఆర్పడానికి వెళ్ళిన వాళ్ళల్లో 101వ ఎయిర్‌బోర్న్ డివిజన్ సైనికులు ఉన్నారు. వాళ్ళు అమెరికాలో తమ బేస్ ఫోర్ట్ క్యాంప్‌బెల్ కి తిరిగొచ్చాక కొంతమంది ఆర్మీ ఫిట్‌నెస్ టెస్ట్ లో రెండు మైళ్ళు పరిగెత్తలేకపోయారు. ఇరవై ముప్పై ఏళ్ళ కుర్రాళ్ళు, యుద్ధానికి వెళ్ళకముందు బాగా పరిగెత్తినవాళ్ళు. ఎక్స్‌రే తీస్తే నార్మల్, సీటీ స్కాన్ చాలామందికి నార్మల్, ఊపిరి ఊదే టెస్ట్ కూడా నార్మల్ లేదా దాదాపు నార్మల్. నాష్‌విల్ లో వాండర్‌బిల్ట్ యూనివర్సిటీలో రాబర్ట్ మిల్లర్ అనే ఊపిరితిత్తుల డాక్టర్ వీళ్ళ మాట నమ్మారు, నమ్మి సర్జరీ చేయించి ఊపిరితిత్తుల ముక్క తీసి మైక్రోస్కోప్ కింద పెట్టించారు. 49 మందికి బయాప్సీ చేస్తే 38 మందికి కన్‌స్ట్రిక్టివ్ బ్రాంకియోలైటిస్ ఉంది, అంటే ఊపిరితిత్తుల్లో అన్నిటికన్నా సన్నటి గొట్టాలు మచ్చకట్టి మూసుకుపోవడం. మామూలుగా చాలా అరుదైన జబ్బు అది. 2011లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్ లో ఇది అచ్చయింది. అందరూ ఆ సల్ఫర్ మంట దగ్గర ఉన్నవాళ్ళు కూడా కాదు, కొందరు పీల్చింది దుమ్ము, బర్న్ పిట్ పొగ.

దీని అర్థం ఏంటో ఒక్క నిమిషం ఆలోచించండి, వీఏ డాక్టర్ దగ్గరికి ఆయాసంతో వెళ్ళినవాడికి చేసే టెస్టులన్నీ నార్మల్ వస్తాయి, నీకేం లేదు, కొంచెం బరువు తగ్గు, టెన్షన్ తగ్గించుకో అని పంపిస్తారు, లోపల మాత్రం గొట్టాలు మూసుకుపోయి ఉంటాయి. రుజువు కావాలంటే ఛాతీకి సర్జరీ చేసి ముక్క తియ్యాలి. ఆ సర్జరీ చేయించుకున్నా దానికి మంచి ట్రీట్‌మెంట్ ఏమీ లేదు, అంటే జబ్బు తగ్గడానికి కాదు, నమ్మించడానికి కోయించుకోవడం. ఒక మనిషిని ఆ పరిస్థితికి తీసుకురావడం నాకు చాలా అన్యాయంగా అనిపిస్తుంది.

అదే 2011లో నేషనల్ అకాడమీ వాళ్ళ కమిటీ బలాద్ గాలి మీద ఉన్న డేటా అంతా చూసి దీర్ఘకాలిక జబ్బులతో సంబంధం ఉందని గానీ లేదని గానీ తేల్చడానికి ఆధారాలు చాలవు అంది. 2020లో ఇంకో కమిటీ 27 రకాల ఊపిరితిత్తుల సమస్యలు చూసి ఒక్కదానికి కూడా గట్టి ఆధారం ఉందని చెప్పలేకపోయింది, దగ్గు, ఆయాసం, పిల్లికూతలకి మాత్రం పరిమితంగా ఆధారం ఉంది అంది. సైంటిస్టుల తప్పు కాదు ఇది, ఉన్న కొలతల్తో అంతకన్నా నిజాయితీగా చెప్పలేరు. కానీ ఆధారాలు చాలవు అన్నదాన్ని పరిహారం ఇచ్చే ఆఫీస్ సంబంధం లేదు అన్నట్టుగా చదువుకుని చేతులు దులుపుకుంది. 2014లో బర్న్ పిట్ రిజిస్ట్రీ అని ఒకటి పెట్టారు, లక్షలమంది అందులో పేరు నమోదు చేసుకున్నారు, చాలామంది అదే క్లెయిమ్ అనుకున్నారు. కాదు. రిజిస్ట్రీ అంటే వివరాలు రాసిపెట్టుకోవడం మాత్రమే, దానివల్ల రేటింగ్ గానీ డబ్బు గానీ రాదు. ఇప్పటికీ ఈ రెండూ ఒకటే అనుకునేవాళ్ళు ఉన్నారు, మీకు తెలిసినవాళ్ళు ఎవరైనా ఉంటే ముందు ఇది చెప్పండి.

చట్టం మారడానికి కారణం సైన్స్ కన్నా ఎక్కువగా కుటుంబాలు. బలాద్ లో పనిచేసి ఊపిరితిత్తులు పాడైపోయి టెక్సస్ కి తిరిగొచ్చిన ఆర్మీ రిజర్వ్ కెప్టెన్ లెరాయ్ టోరెస్, ఆయన భార్య రోజీ టోరెస్ ఇద్దరూ కలిసి బర్న్ పిట్స్ 360 అనే సంస్థ పెట్టి ఏళ్ళ తరబడి వాషింగ్టన్ చుట్టూ తిరిగారు. ఆయన రాష్ట్ర పోలీస్ ఉద్యోగం కూడా పోయింది, దాని మీద సుప్రీం కోర్టు దాకా వెళ్ళి 2022లో గెలిచారు, అది వేరే కథ. ఒహాయో నేషనల్ గార్డ్ లో సార్జెంట్ హీత్ రాబిన్సన్ కొసోవో, ఇరాక్ వెళ్ళొచ్చి ఊపిరితిత్తుల క్యాన్సర్ తో 2020లో చనిపోయారు, ఆయన భార్య, అత్తగారు పోరాడారు, చివరికి చట్టానికి ఆయన పేరే పెట్టారు. అందరూ దాన్ని పాక్ట్ యాక్ట్ అంటారు. టీవీ కమెడియన్ జాన్ స్టీవర్ట్ తన పేరు, పలుకుబడి అంతా దీనికోసం పెట్టారు. 2022 జూన్ లో సెనేట్ 84-14 తో పాస్ చేసింది, చిన్న సవరణ కోసం బిల్లు తిరిగొస్తే జూలై 27న అంతకుముందు ఎస్ అన్న పాతిక మంది రిపబ్లికన్ సెనేటర్లు నో అన్నారు. డబ్బుని బడ్జెట్ లో ఏ ఖాతా కింద రాయాలి అన్నదాని మీద వాళ్ళ అభ్యంతరం, అది పూర్తిగా పనికిమాలిన ప్రశ్న అని నేను అనను, పదేళ్ళకి దాదాపు 28 వేల కోట్ల డాలర్ల ఖర్చు మరి, కానీ జూన్ లో కూడా ఆ ఖాతా అదే కదా. జబ్బుతో ఉన్న వెటరన్స్ అమెరికా పార్లమెంట్ భవనం క్యాపిటల్ మెట్ల మీదే ఎండలో, వానలో పడుకున్నారు. ఆగస్ట్ 2న 86-11 తో పాసయింది, 10న బైడెన్ సంతకం పెట్టారు.

ఆ చట్టం ఏం చేసిందంటే, 1990 ఆగస్ట్ 2 తర్వాత ఇరాక్, కువైట్, సౌదీ, ఖతార్, సోమాలియా లాంటి చోట్ల, 2001 సెప్టెంబర్ 11 తర్వాత ఆఫ్ఘనిస్తాన్, సిరియా, జోర్డాన్, ఉజ్బెకిస్తాన్, యెమెన్ లాంటి చోట్ల పనిచేసిన ప్రతి ఒక్కరూ విషపు గాలి పీల్చినట్టే అని ప్రభుత్వమే ఒప్పుకుంది. ఇరవై దాటి జబ్బులు లిస్ట్ లో పెట్టింది. మెదడు క్యాన్సర్, కడుపు పేగుల క్యాన్సర్లు, కిడ్నీ, పాంక్రియాస్, ఊపిరితిత్తులు, లింఫోమాలు, సర్వీస్ తర్వాత వచ్చిన ఆస్తమా, సీఓపీడీ, దీర్ఘకాలిక సైనసైటిస్, సార్కాయిడోసిస్, వాండర్‌బిల్ట్ లో దొరికిన ఆ కన్‌స్ట్రిక్టివ్ బ్రాంకియోలైటిస్ కూడా. 2025 జనవరిలో లుకేమియాలు, మల్టిపుల్ మైలోమా, మూత్రాశయం క్యాన్సర్ చేర్చారు. వియత్నాం వాళ్ళకి బీపీ చేరింది, వినడానికి చిన్నగా ఉంటుంది కానీ ఆ వయసులో బీపీ లేనివాళ్ళు ఎంతమంది, అందుకే ఖర్చు చూసి ఏళ్ళ తరబడి దాన్ని పక్కన పెడుతూ వచ్చారు. థాయ్‌లాండ్, లావోస్, గ్వామ్ లాంటి చోట్ల పనిచేసినవాళ్ళు, 1966లో స్పెయిన్ లోని పాలొమారెస్ దగ్గర పడిన అణుబాంబుల ప్లుటోనియం శుభ్రం చేసినవాళ్ళు కూడా లోపలికి వచ్చారు.

లిస్ట్ లో లేని జబ్బు వస్తే పరిస్థితి ఏంటి అని అడగొచ్చు. విషాలకి గురయ్యే పని చేసినట్టు రికార్డులో ఉంటే వీఏ తన ఖర్చుతో పరీక్ష చేయించి సంబంధం ఉందా లేదా అని డాక్టర్ అభిప్రాయం తీసుకోవాలి, అది కూడా విడివిడిగా కాకుండా సర్వీస్ లో తగిలిన విషాలన్నిటి ప్రభావం కలిపి చూసి చెప్పాలి. నా ఉద్దేశంలో లిస్ట్ కన్నా ఇది తక్కువది కాదు, ఎందుకంటే లిస్ట్ ఎప్పుడూ వెనకబడే ఉంటుంది.

వైద్యం వైపు చూస్తే పెద్ద మార్పు 2024 మార్చి 5న జరిగింది. అప్పటినుంచి సర్వీస్ లో విషాలకి గురైన వెటరన్ ముందు డిజేబిలిటీ క్లెయిమ్ గెలవక్కర్లేదు, నేరుగా వీఏ వైద్యంలో చేరొచ్చు, జబ్బు ఇంకా రాకపోయినా సరే, విదేశాలకి వెళ్ళకుండా అమెరికాలోనే ట్రైనింగ్ లో గురైనా సరే. చేరిన ప్రతి ఒక్కరికీ కనీసం ఐదేళ్ళకోసారి టాక్సిక్ ఎక్స్‌పోజర్ స్క్రీనింగ్ ఉంటుంది. పేరు పెద్దది గానీ నిజానికి అది కొన్ని నిమిషాల ప్రశ్నలు, రక్తపరీక్ష ఏమీ ఉండదు, ఎక్కడ పనిచేసావు, ఏం తగిలింది అని అడిగి రికార్డులో రాసి అవసరమైతే ముందుకి పంపుతారు. చిన్న పనే, కానీ ఇన్నాళ్ళూ లేనిది ఆ రికార్డే కదా. 2024 మే నాటికి ఈ చట్టం కింద పది లక్షల క్లెయిమ్స్ ఒప్పుకున్నామని వీఏ ప్రకటించింది.

ఇందులో సరిగ్గా లేనివి కూడా ఉన్నాయి. జబ్బు లిస్ట్ లో ఉన్నా రేటింగ్ ఎంత అనేది ఊపిరితిత్తులకి చాలావరకు ఆ బ్రీతింగ్ టెస్ట్ నంబర్ల మీదే ఇస్తారు, కన్‌స్ట్రిక్టివ్ బ్రాంకియోలైటిస్ వాళ్ళకి ఆ నంబర్లే నార్మల్ వస్తాయి అని పైన చెప్పాను, అంటే తలుపు తీసి గుమ్మంలోనే నిలబెట్టినట్టు. ఇంకోటి, చట్టం వచ్చినప్పటినుంచి ఫీజు తీసుకుని క్లెయిమ్ వేయిస్తాం అనే కన్సల్టెంట్లు పుట్టగొడుగుల్లా వచ్చారు, వచ్చే డబ్బులో కొన్ని నెలల మొత్తం లాగేసుకుంటారు. డీఏవీ, వీఎఫ్‌డబ్ల్యూ, అమెరికన్ లీజియన్ లాంటి మాజీ సైనికుల సంఘాల్లో గుర్తింపు ఉన్న ప్రతినిధులు ఇదే పని ఒక్క పైసా తీసుకోకుండా చేస్తారు. ముందు ఇంటెంట్ టు ఫైల్ అనే చిన్న ఫారం పడేస్తే కాగితాలు పోగుచేసుకోవడానికి ఏడాది టైం ఉంటుంది, పరిహారం లెక్క ఆ ఫారం తేదీ నుంచే మొదలవుతుంది. గతంలో తిరస్కరించిన క్లెయిమ్ అయినా జబ్బు ఇప్పుడు లిస్ట్ లో ఉంటే సప్లిమెంటల్ క్లెయిమ్ వెయ్యొచ్చు, మనిషి చనిపోయి ఉంటే భార్యో భర్తో తమకి రావాల్సిన డబ్బు కోసం క్లెయిమ్ వెయ్యొచ్చు.

అమెరికాలో ఉన్న తెలుగు డాక్టర్లకి ఇక్కడ ఒక పని ఉంది, నేను గట్టిగా అడుగుతున్నాను. మనవాళ్ళు చాలామంది రెసిడెన్సీలో వీఏ హాస్పిటల్స్ లో పనిచేసినవాళ్ళే, కానీ సగం మంది వెటరన్స్ వీఏ బయటే, మామూలు క్లినిక్స్ లో చూపించుకుంటున్నారు. నలభై ఏళ్ళ మనిషి ఆయాసం అని వచ్చి టెస్టులన్నీ నార్మల్ వస్తే ఒక్క మాట అడగండి, మిలిటరీలో చేసారా, ఎక్కడ, ఏ సంవత్సరాల్లో అని. ఆ జవాబు చార్ట్ లో రాయండి. రేపు క్లెయిమ్ లో ఆ ఒక్క లైన్ పనికొస్తుంది, తర్వాత ఏ టెస్ట్ చేయాలో కూడా అదే చెబుతుంది.

మన దేశంలో ఈ రుజువు ప్రశ్న లేదా అంటే ఉంది, కాకపోతే వేరే దారిలో వచ్చింది. మన సైనికులకి డిజేబిలిటీ పెన్షన్ రావాలంటే జబ్బు మిలిటరీ సర్వీస్ వల్ల వచ్చింది లేదా సర్వీస్ వల్ల ముదిరింది అని మెడికల్ బోర్డు ఒప్పుకోవాలి. బోర్డులు చాలా కేసుల్లో ఒక్క ముక్కలో, పుట్టుకతో ఉన్నదే అనో, సర్వీస్ తో సంబంధం లేదు అనో రాసేసేవి. 2013లో ధరమ్‌వీర్ సింగ్ కేసులో సుప్రీం కోర్టు స్పష్టంగా చెప్పింది, చేరేటప్పుడు మీ డాక్టర్లే పరీక్ష చేసి ఆరోగ్యంగా ఉన్నాడని తీసుకున్నారు, అప్పుడు రికార్డులో ఏ జబ్బూ రాయలేదు, కాబట్టి తర్వాత వచ్చినది సర్వీస్ వల్లే అనుకోవాలి, కాదు అంటే కారణాలు మీరు చూపించాలి, సైనికుడు కాదు అని. ఒక రకంగా ఇది అమెరికా లిస్ట్ కన్నా విశాలమైంది, ఫలానా జబ్బే అని లేదు కాబట్టి. ఆర్మ్‌డ్ ఫోర్సెస్ ట్రిబ్యునల్ లో ఎన్నో కేసులు ఈ తీర్పు చూపించే గెలిచారు. అయితే 2023 సెప్టెంబర్ లో రక్షణ శాఖ కొత్త రూల్స్ తెచ్చింది, పాత రూల్స్ లో ఉన్న ఆ రక్షణని తగ్గించారని మాజీ సైనికులు చాలామంది అభ్యంతరం చెప్పారు. ఆంధ్రాలో తెలంగాణలో ఇంటికొక సైనికుడు ఉన్న ఊళ్ళు ఉన్నాయి, మిలటరీ మాధవరం పేరు వినని వాళ్ళు తక్కువ, ఆ ఇళ్ళల్లో పెన్షన్ కాగితాలు చూసేవాళ్ళు ఈ రెండు సంగతులూ తెలుసుకుని ఉండాలి. రిటైర్ అయ్యేటప్పుడు రిలీజ్ మెడికల్ బోర్డు కాగితాల కాపీ తీసి దాచుకోవడం మర్చిపోకండి.

ఇంకా ఈ చట్టాలేవీ తాకని మనుషులు ఉన్నారు. ఆ బేస్ ల్లో వంట చేసినవాళ్ళు, బట్టలు ఉతికినవాళ్ళు, టాయిలెట్లు కడిగినవాళ్ళు, లారీలు నడిపినవాళ్ళు చాలావరకు అమెరికన్లు కాదు, ఇండియా, నేపాల్, ఫిలిప్పీన్స్, శ్రీలంక నుంచి సబ్ కాంట్రాక్టర్ల కింద వచ్చినవాళ్ళు, వేలల్లో ఉండేవాళ్ళు. అదే పొగ, అదే దుమ్ము. పాక్ట్ యాక్ట్ వాళ్ళకి వర్తించదు, అది యూనిఫామ్ వేసుకున్నవాళ్ళకే. బర్న్ పిట్స్ నడిపిన కాంట్రాక్ట్ కంపెనీ కేబీఆర్ మీద సైనికులు, కాంట్రాక్ట్ ఉద్యోగులు కలిసి కేసు వేస్తే, గుంటలు పెట్టాలన్నది మిలిటరీ నిర్ణయం, యుద్ధకాలపు నిర్ణయాలని కోర్టులు విచారించలేవు అని కొట్టేసారు, 2019 జనవరిలో సుప్రీం కోర్టు వినడానికి కూడా ఒప్పుకోలేదు. మిగిలిన దారి డిఫెన్స్ బేస్ యాక్ట్ అని 1941 నాటి చట్టం ఒకటి, అమెరికా ప్రభుత్వ కాంట్రాక్ట్ కింద విదేశాల్లో పనిచేసే ఎవరికైనా, ఏ దేశం వాళ్ళైనా సరే, కంపెనీ ఇన్సూరెన్స్ చేయించి తీరాలి, పని వల్ల జబ్బు వస్తే వైద్యం, జీతంలో కొంత ఇవ్వాలి. కువైట్ మీదుగా ఇరాక్ బేస్ ల్లోకి వెళ్ళి పనిచేసి ఇంటికొచ్చిన మనిషి మీకు తెలిస్తే, ఆయన ఊపిరి ఆడక ఇబ్బంది పడుతుంటే, పాత కాంట్రాక్ట్ కాగితం, బ్యాడ్జి, పాస్‌పోర్ట్ మీద స్టాంపులు పారెయ్యొద్దని చెప్పండి. పని వల్ల వచ్చిన జబ్బు అయితే, దానికీ ఆ పనికీ సంబంధం ఉందని తెలిసిన రోజు నుంచి రెండేళ్ళ లోపు అమెరికా లేబర్ డిపార్ట్‌మెంట్ లో క్లెయిమ్ వెయ్యాలి.